ఆయ్ అన్నంత మాత్రాన

నిడదవోలులో భీమవరం పాసింజరు కదిలీ కదలగానే ఎదుటి సీటులో ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని "ఆయ్" అంది, యుగంధర్ ఉలిక్కిపడ్డాడు. ఆవిడెవరో తెలియదు, అవతల మాట్లాడేది వియ్యపురాలో డాక్టరుగారో తెలియదు, కానీ ఆ మాట ఆవిడ గొంతుతో రాలేదు, నాన్న గొంతుతో వచ్చింది. నాన్న చంద్రరావు పోయి మూడేళ్ళు కావస్తోంది. అయినా ఎవరు ఎక్కడ ఆయ్ అన్నా ఆయనే వెనకాల నిలబడి అన్నట్టుంటుంది కొడుక్కి. పోనీ ఆ మాట వినపడని చోటుకి పోదామంటే ఈ గోదావరి జిల్లాల్లో అలాంటి చోటెక్కడ? టీ కొట్టు ముందు ఆయ్, మందుల షాపులో ఆయ్, రాజమండ్రిలో తను గిటారు నేర్పే గదికి పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రుల నోట ఆయ్. చింతచెట్టును పట్టుకున్న దయ్యాన్ని వదిలించడానికి భూతవైద్యుడున్నాడు గానీ, మాటను పట్టుకున్న దయ్యానికి మందు వేసేవాడు ఇంకా పుట్టలేదు. ఆవిడ మళ్ళీ "ఆయ్... ఆయ్... అలాగాండి" అంది. కిటికీ బయట రైల్వే క్వార్టర్స్ గోడలు వెనక్కి జరిగి వరిచేలు మొదలయ్యాయి.

గిటారు పెట్టె పైన పెడితే ఎవరైనా దానిమీద సూట్‌కేసు పడేస్తారని ఒళ్ళోనే పెట్టుకున్నాడు. పట్టాల అదురుకి లోపల తీగలు వాటంతట అవే సణుగుతున్నాయి. సాయంత్రం భీమవరంలో ఒక ఫంక్షన్ హాల్లో రొయ్యల కంపెనీ వాళ్ళ పదేళ్ళ పండగ. మంత్రిగారు వస్తారు, ఫ్యాక్టరీని రెట్టింపు చేస్తున్నామని ప్రకటిస్తారు, యుగంధర్ వాయిస్తాడు. వాయిస్తానని అతను ఎప్పుడూ అనలేదు. కంపెనీ తరఫున ప్రసన్నకుమార్ అనే ఆయన ఫోను చేశాడు, మంచి మనిషే, మాది మండపేటండి అని చెప్పుకున్నాడు, మీ 'ఆయ్' ట్యూను మా ఇంటిల్లిపాదికీ ప్రాణమండి అన్నాడు, ఆ పైన కార్యక్రమం వివరించడం మొదలుపెట్టాడు. వేదిక మీద తను కంపెనీ సాధించినవన్నీ ఒక్కొక్కటే చదువుతాడట, ఒక్కోదాని తర్వాత యుగంధర్ గిటారు మీద ఆయ్ అని పలికించాలట, అప్పుడు గోదావరి నేలంతా కంపెనీకి ఆయ్ అంటున్నట్టుంటుందట. ఎలా కాదనాలా అని మాటలు వెతుక్కుంటూనే, అవతల ఆయన ఊపిరి తీసుకున్న ప్రతిసారీ యుగంధర్ "ఆయ్" అన్నాడు. మనిషి మాట్లాడుతుంటే వింటున్నానని చెప్పద్దూ? మర్నాటికల్లా సొంతూరు తాళ్ళకోడు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. గిటారుతో తను, పక్కన కంపెనీ రొయ్య, ఇద్దరి మీదా మంత్రిగారి నవ్వు.

ఆ సాయంత్రమే అమ్మ వీరవేణి ఫోను చేసింది. తిండి తిన్నావా అని అడగలేదు, దాంతోనే సగం అర్థమైపోయింది.

"మీ నాన్న నోట్లో మాట లాక్కుని ఒక ఫ్యాక్టరీ కట్టారు. రెండోదానికి నువ్వే పట్టుకెళ్ళి ఇస్తన్నావంట్రా?"

"లేదమ్మా. ఊరికే ఆయ్ అన్నానంతే."

"ఆయనా అంతే అన్నారు," అని పెట్టేసింది.

ఇంక అప్పుడు పరువు సంగతి పక్కన పెట్టి ప్రసన్నకుమార్‌కి ఫోను చేశాడు, రావడం కుదరదేమోనండి అన్నాడు. కుదరదండి అనాల్సింది, ఆ 'ఏమో' ఎక్కణ్ణించి వచ్చి దూరిందో తెలియదు. ప్రసన్నకుమార్ ఏమీ అనుకోలేదు. "అయ్యో, ఇబ్బంది పెట్టుకోకండి. రాలేకపోతే మీ ట్యూను యూట్యూబులో ఉంది కదండి, అదే వేసుకుంటాం. ఎక్కడెక్కడ ఆయ్ రావాలో మావాళ్ళు కట్ చేసుకుంటారు లెండి." ఎంత మర్యాదగా అన్నాడు! అంటే తను వెళ్ళకపోయినా నాన్న వెళ్తాడు. స్పీకర్లలోంచి ప్రతి మాటకీ ఆయ్ అంటాడు, పోయినవాణ్ణి లేపి మళ్ళీ ముందు వరసలో కూర్చోబెడతారు. కాబట్టి వెళ్ళాలి, వెళ్ళి ఆ ట్యూనులో ఇప్పటిదాకా లేని ఒక్క మాట కలపాలి. వద్దు. నాన్న గొంతుతో వద్దు అనిపిస్తే చాలు. చిక్కల్లా ఒక్కటే, నాన్న వద్దు అంటే ఎలా ఉంటుందో అతనికి గుర్తు రావడం లేదు. నిన్న రాత్రంతా వెతికాడు, పొద్దున్న నుంచీ వెతుకుతున్నాడు, ఈ గంటలో దొరక్కపోతే ఇక దొరకదు.

ట్యూను పుట్టిందే నాన్న గొంతు మీంచి. ఆయన పోయాక ఒకసారి మాట వినాలనిపించి ఫోన్లన్నీ వెతికితే, పెళ్ళి వీడియోల్లో ఆయన నవ్వుతూ కనిపించాడే గానీ ఎక్కడా మాట్లాడలేదు. మాట్లాడింది ఒక్కచోట. పన్నెండేళ్ళ కిందట హైస్కూలు గ్రౌండులో షామియానా వేసి రొయ్యల ఫ్యాక్టరీ మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు, దాన్ని ఎవరో ఫోన్లో తీశారు. నాన్నకున్నది కాలవగట్టు పక్కన రెండెకరాలే అయినా, తువ్వాలు భుజాన వేసుకుంటే మోతుబరిలా ఉంటాడని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆఫీసరుగారు పై జిల్లా ఆయన. కాగితం చూసి చదువుతున్నాడు. ఇంటికో ఉద్యోగం వస్తుంది అన్నాడు, నాన్న ఆయ్ అన్నాడు. రోడ్డు వెడల్పు అవుతుంది, ఆయ్. చుక్క మురుగునీరైనా మీ ఊరి కోడు కాలవలోకి వదలరు అన్నాడు, అప్పుడు నాన్న ఆయ్ కాస్త సాగి, చివర పైకి లేచి, అక్కడే ఆగింది. తాళ్ళకోడులో పాలు తాగే పిల్లాణ్ణడిగినా చెబుతాడు ఆ ఆయ్‌కి అర్థం, మా చెవిలో పువ్వులెందుకు పెడతారండీ బాబూ అని. ఆఫీసరుగారికి మాత్రం అన్ని ఆయ్‌లూ ఒకటే. గ్రామపెద్దలు ప్రతి అంశానికీ ఆమోదం తెలిపారని రాసుకున్నాడు. పాపం ఆయనా అబద్ధం రాయలేదు, తనకు వినపడిందే రాశాడు.

బండి తణుకులో ఆగింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కినవాళ్ళు గిటారు పెట్టె వంక ఇదేంటన్నట్టు చూసి సర్దుకున్నారు. ఆ వీడియో విని ట్యూను కట్టినప్పుడు ఆఫీసరుగారి గొంతుకి లావు తీగ ఇచ్చాడు యుగంధర్, ఒకటే స్వరం, ఎక్కడా పైకీ లేవదు కిందకీ దిగదు. నాన్నకి సన్న తీగ. వేలితో పక్కకి లాగితే ఆ సాగదీత వచ్చేది, సగం వదిలితే ఆ అనుమానం వచ్చేది, మాటలేవీ లేకుండానే ఊరు మునిగిన వైనమంతా అందులో ఉంది. ఇది వింటే సర్కారు ఉలిక్కిపడుతుందనుకున్నాడు వెర్రిబాగులాడు. జనం విన్నారు, లక్షలమంది విన్నారు, ఎంత ప్రశాంతంగా ఉందండి అన్నారు. పెళ్ళికి ముందు పడవల మీద తీయించుకునే వీడియోలకి అదే పెట్టుకున్నారు. రాజమండ్రిలో ఒక పళ్ళ డాక్టరు వెయిటింగ్ రూములో పొద్దస్తమానం అదే మోగుతుంది. ఒకసారి తనే దవడ పట్టుకుని అక్కడ కూర్చుంటే, పక్కాయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు, నాన్న గొంతు గోడలోంచి ఆయ్ అంటోంది, యుగంధర్ పన్ను చూపించుకోకుండానే బయటికి వచ్చేశాడు.

వద్దు. వద్దురా. వద్దండి. ఎప్పుడైనా అన్నాడా? తను తొమ్మిదో తరగతిలో ఉండగా చర్చిలో లాజరు మాస్టారి దగ్గర గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు, పెదనాన్నలు ఇద్దరూ వచ్చి అరుగు మీద కూర్చుని, మన ఇంటా వంటా లేని పని, రేపు పిల్లనెవరిస్తారు, మానిపించు అని గంటసేపు చెప్పారు. నాన్న గంటసేపూ ఆయ్ అన్నాడు. వాళ్ళు తృప్తిగా కాఫీ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే నాన్న సైకిలు తుడిచి, నీకు ఆలస్యమవుతుందేమో, లాజరు గారు చూస్తుంటారు అన్నాడు. ఆయన ఆయ్ అంటే అదీ. మీరు చెప్పారు, నేను విన్నాను, మీ మాటకి మర్యాద ఇచ్చాను, ఇక నా పని నాది. పెళ్ళానికీ ఆయే, పాలేరుకీ ఆయే, రేడియోలో వార్తలు చదివే ఆయనక్కూడా ఆయే. ఆ ఒక్క మాటతో జన్మంతా నెట్టుకొచ్చిన మనిషికి వద్దు అనే అవసరం ఎందుకొస్తుంది? ఇష్టం లేకపోతే చూద్దాం లెండి అనేవాడు, మరీ ఇష్టం లేకపోతే ఇప్పుడెందుకు లెండి అనేవాడు. చూద్దాం లెండిని గిటారు మీద వాయిస్తే మంత్రిగారు చప్పట్లు కొడతారు.

రేలంగి దాటింది. ఎదుటి ఆవిడ ఫోను పెట్టేసి నిద్రకి తూగుతోంది. కోడు నల్లబడింది ఫ్యాక్టరీ వచ్చిన రెండో ఏడే. పొలాల మురుగు సముద్రానికి మోసుకుపోయే కాలవ అది, దాన్నిండా నురగ, ఆ పైన కుళ్ళిన రొయ్య తలల వాసన. బోర్లలో నీళ్ళు పచ్చబడ్డాయి. ఊరంతా చందాలేసుకుని కోర్టుకి వెళ్తే కంపెనీ లాయరు చేసిందల్లా ఆ వీడియో వేసి చూపించడం. చంద్రరావుగారు ఆయ్, చంద్రరావుగారు ఆయ్, చంద్రరావుగారు మళ్ళీ ఆయ్. ఊరివాళ్ళకి తెలియదా దాని అర్థం? తెలుసు. కానీ కోపం ఎక్కడో ఒకచోట దిగాలి, కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉంది, నాన్న అరుగు దగ్గర ఎవరూ లేరు. మొదట వేళాకోళంగా ఆయ్ గారూ అని పిలిచారు, తర్వాత వేళాకోళం పోయింది, పేరు మిగిలింది. ఆయ్ గారి చేను, ఆయ్ గారి కొడుకు. నాన్న ఆ మాట అనడం మానేశాడు. అమ్మ వంటింట్లోంచి ఏదో చెప్పుకుపోతూ అలవాటుగా ఆయ్ కోసం ఆగేది, రాకపోతే "వింటున్నారా?" అనేది. ఆయన లేచివచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు, ఇదిగో వింటున్నానని కనపడటానికి. అలా ఆ ఇంట్లో మాటకీ మాటకీ మధ్య చప్పుడు లేని ఖాళీలు మొదలయ్యాయి. యుగంధర్ శనివారాల్లో వెళ్ళినప్పుడు ఆ ఖాళీలకి భయపడి టీవీ పెట్టేవాడు.

ఆసుపత్రిలో అన్నాడేమో. రాజమండ్రిలో పడుకోబెట్టినప్పుడు ముక్కుకి గొట్టం పెడుతుంటే ఎవరైనా వద్దంటారు. యుగంధర్ కళ్ళు మూసుకుని ఆ గది అంతా వెతికాడు, పచ్చ దుప్పటి, స్టాండుకి వేలాడే సీసా, నర్సు సత్యకుమారి "నొప్పిగా ఉందా తాతగారూ, ఆపెయ్యమంటారా" అనడం. నాన్న ఆమె వంక చూసి నవ్వాడు. అంతే, నవ్వాడు. గొట్టం గట్టిగా పట్టుకుని వద్దురా నాయనా అని ఒక్కసారి అరిచి ఉంటే, ఎంత మేలు చేసి ఉండేవాడు! కన్నతండ్రి మీద ఇంత కోపం రావడం తప్పని తెలుసు. వచ్చింది. మీరు అనలేదు కాబట్టే నేనూ అనలేకపోయాను, ఒక్కసారైనా నా ముందు ఎవరి ముఖం మీదైనా కాదు అని ఉంటే నేను నేర్చుకునేవాణ్ణి కదా, సైకిలు తొక్కడం నేర్పారు, నారు తియ్యడం నేర్పారు, ఆ ఒక్క మాట నేర్పలేదేం అని పెట్టెలో గిటారుని అడుగుతున్నాడు. చక్రాలు అతుకు మీద అతుకు దాటుతున్నాయి, ప్రతి అతుకు దగ్గరా ఆయ్, ఆయ్.

అత్తిలి. మంచిలి. వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు ఎక్కువయ్యాయి, చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళని తెల్లగా చిమ్ముతున్నాయి, కిటికీలోంచి మేత వాసన కొట్టింది. ఆ వాసనకే కాబోలు ఎదుటి ఆవిడ లేచి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఒక పేపరు ముక్క చింపి మొహమాటం లేకుండా గిటారు పెట్టె మీదే పరిచింది.

"మా అమ్మాయి అత్తోరింటికి పట్టుకెళ్తన్నానండి. ఒక్క బూరె తినండి బాబూ. తణుకు కాణ్ణించి చూస్తన్నాను, ముఖం పీక్కుపోయింది."

ఒకటి వేసింది, తిన్నాడు. కడుపులో పడ్డాక గానీ పొద్దున్న నుంచి ఏమీ తినలేదని తెలియలేదు. ఆవిడ రెండోది తీసి వంగింది. యుగంధర్ నోరు తెరవలేదు, కానీ చెయ్యి వెళ్ళి పేపరు మీద అడ్డంగా పరుచుకుంది. నాలుగు వేళ్ళూ దగ్గరగా, బొటనవేలు లోపలికి, పేపరు కనపడకుండా. ఆవిడ "సరే లెండి" అని బూరె వెనక్కి డబ్బాలో వేసుకుంది, బతిమాలలేదు. యుగంధర్ ఆ చెయ్యి తియ్యకుండా దాని వంకే చూస్తూ ఉండిపోయాడు. అది తన చెయ్యి కాదు. ఆ ముడతలు ఇంకా రాలేదు గానీ, ఆ పరుచుకున్న తీరు తనది కాదు.

ఫ్యాక్టరీ తెరిచిన రోజు ఊరందరికీ భోజనాలు పెట్టారు. పిలిచాక వెళ్ళకపోతే బాగుండదని నాన్నే బయల్దేరదీశాడు. నిజమే, పిలుపుకి మర్యాద ఇవ్వాలి. అరిటాకులు వేసి బంతులు తీర్చారు, నాన్న కూర్చున్నాడు, పక్కన తను. ఆకు మీద నీళ్ళు చల్లి నాన్న శుభ్రంగా తుడుచుకున్నాడు. పులిహోర వచ్చింది, నాన్న ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వడ్డించేవాడు ముందుకి పోయాడు. బూరెలు వచ్చాయి, చెయ్యి. పనసపొట్టు కూర వచ్చింది, ఆయనకి ప్రాణం ఆ కూరంటే, చెయ్యి. కంపెనీ పెద్దమనిషి స్వయంగా నేతి గిన్నె పట్టుకుని వరసలోకి వచ్చి, చంద్రరావుగారూ మీరు తినకపోతే ఎలాగండి, మీ ఆశీర్వాదం వల్లే కదండి ఇదంతా అన్నాడు, వంగి నిలబడ్డాడు. నాన్న తలెత్తి ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. ఆయ్ అనలేదు. చెయ్యి తియ్యలేదు. నేతి గిన్నె గాలిలో కాసేపు ఉండి వెనక్కి వెళ్ళింది. పక్కన యుగంధర్ అన్నీ వేయించుకుని తింటూ, కడుపులో బాగాలేకపోతే ఇంటి దగ్గరే ఉండాల్సింది కదా నాన్నా, అందరూ చూస్తున్నారు అని గొణిగాడు. నాన్న బంతి లేచేదాకా కూర్చుని, అందరితో పాటు లేచి, మెతుకు పడని ఆకుని జాగ్రత్తగా మడిచి, చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాడు. ఊరంతా చూసింది, ఎవరూ చూడలేదు. లాయరు దగ్గర దాని వీడియో లేదు.

గొంతులో వెతికాను, గొంతులో, అనుకున్నాడు యుగంధర్, ఈ చెవులతో ఇన్నేళ్ళు. ఏడుపు వచ్చింది, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు, ఎదుటి ఆవిడ చూసి కూడా చూడనట్టు డబ్బా మూత బిగించుకుంది. భీమవరం వచ్చేసింది.

ప్రసన్నకుమార్ ఎదురొచ్చి కారెక్కించాడు, దారంతా మాట్లాడాడు, హాలంతా ఏసీ అండి, మంత్రిగారు అప్పుడే వచ్చేశారండి, మన తాళ్ళకోడు నుంచి కూడా రెండు బస్సులు వేశామండి. యుగంధర్ వింటూ కూర్చున్నాడు. మూడుసార్లు ఆయ్ నాలిక చివరిదాకా వచ్చింది, మూడుసార్లూ మింగాడు, అది మింగడం ఎంత కష్టమో ఈ నేల మీద పుట్టనివాడికి చెప్పినా తెలియదు. వేదిక మీద ఎత్తు కుర్చీ వేశారు. లైట్లు కళ్ళలో పడి ముందు వరస తప్ప ఏదీ స్పష్టంగా కనపడలేదు. ముందు వరసలో మంత్రిగారు, ఆ పక్కన కంపెనీ పెద్దమనిషి, ఆ వెనక ఎక్కడో తన ఊరు. గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు, తీగ సరిచేసి ఒక్కసారి మీటాడు, హాలంతా సర్దుకుని నిశ్శబ్దమైంది.

"పదేళ్ళలో పదిహేను వందల కుటుంబాలకి ఉపాధి," అని చదివాడు ప్రసన్నకుమార్, నవ్వుతూ ఇటు తిరిగాడు.

యుగంధర్ కుడిచెయ్యి తీగల మీద అడ్డంగా పెట్టాడు. నాలుగు వేళ్ళూ దగ్గరగా, ఆరు తీగలూ అరచేతి కింద.

ప్రసన్నకుమార్ తర్వాతి వాక్యం ఆ ఆయ్ మీద కాలు పెట్టి ఎక్కాల్సింది, అది లేదు. "గ్రామాలకి తారు రోడ్లు," అన్నాడు, గొంతు కొంచెం తగ్గింది. చెయ్యి. "చుక్క మురుగునీరు కూడా బయటికి వదలకుండా," అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చెయ్యకుండానే తిరిగి చూశాడు. వెనక వరసల్లో ఊరివాళ్ళున్న చోట ఎవరో ముసలాయన లేచి నిలబడ్డాడు, ఆయన పక్కన ఇంకొకరు. మంత్రిగారు కంపెనీ పెద్దమనిషి చెవిలో ఏదో అడిగాడు. ఆ పెద్దమనిషి యుగంధర్ చేతి వంకే చూస్తున్నాడు, ఆ చేతిని ఇంతకుముందు ఎక్కడో చూసినవాడిలా.

ప్రసన్నకుమార్ మైకు పక్కకి జరిపి, చెమట తుడుచుకుని, బతిమాలుతున్నట్టు అడిగాడు. "యుగంధర్ గారూ, వినపడుతోందాండి?"

"వినపడుతోందండి," అన్నాడు యుగంధర్, హాలంతటికీ వినపడేలా. చెయ్యి తియ్యలేదు.